ఢిల్లీరావు తోడిన నీళ్ళు

ఉదయం లేవగానే నా మొదటి పని నీళ్ళు కొలవడం. చిన్న గ్లాసుతో అయిదు గ్లాసులు లెక్కపెట్టి ప్లాస్టిక్ సీసాలో పోసి, మూత బిగించి, మా ఆయన మంచం కోడు దగ్గర పెట్టేదాన్ని. మాత్రలు మింగడానికీ, దాహానికీ, నోరు తడుపుకోవడానికీ అంతే. మళ్ళీ తెల్లారేదాకా ఇంకో చుక్క లేదు. కిడ్నీలు పోయి, వారానికి మూడుసార్లు పలాస ఆసుపత్రికి వెళ్ళి డయాలసిస్ చేయించుకొనే మనిషికి డాక్టర్లు కట్టిన లెక్క అది. మా ఉద్దానంలో చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఈ కొలత వచ్చు.

ఇప్పుడూ లేవగానే బిందె దగ్గరికే వెళ్తాను. గ్లాసు చేతిలోకి తీసుకుంటాను. కాసేపు నిలబడి మళ్ళీ బోర్లించి వచ్చేస్తాను. ఆయన పోయి తొమ్మిది నెలలయింది.

ఆయన పేరు ఢిల్లీరావు. ఢిల్లీ మాట దేవుడెరుగు, విశాఖపట్నం దాటి ఎన్నడూ వెళ్ళలేదు. కవిటికి ఇవతల, సముద్రానికి మైలు దూరంలో మా ఊరు. ఎకరన్నర కొబ్బరి తోట, దాని అంచున జీడిమామిడి చెట్లు. నేను కాపరానికి వచ్చినప్పుడు ఆ తోటలో మిట్టమధ్యాహ్నం కూడా నేలమీద ఎండ పడేది కాదు. తిత్లీ తుఫాను వచ్చి వెళ్ళాక చూస్తే వందకు పైగా చెట్లలో పదకొండు నిలబడి ఉన్నాయి. ఆయన వారం రోజులు అరుగు దిగలేదు. ఎనిమిదో రోజున పలాస వెళ్ళి బ్యాటరీల షాపులో పనికి కుదిరాడు. ఏడాది తిరక్కుండా ఒక ఇనప మూకుడు, ఒక గరిటె, వలగుండ్లు పోసే అచ్చు పట్టుకొని ఇంటికి వచ్చేశాడు.

వల నీళ్ళలో దిగాలంటే అడుగంచున సీసం గుండ్లు ఉండాలి. మా తీరంలో బెస్తవాళ్ళ ఊళ్ళు చాలా ఉన్నాయి. పాత బ్యాటరీల్లోంచి తీసిన సీసం పలకలు పలాసలో దొరుకుతాయి. పడిపోయిన చెట్ల మొద్దులు, కొబ్బరి డొక్కలు పొయ్యిలోకి కావలసినన్ని ఉన్నాయి. "తుఫాను మనకి కట్టెలిచ్చి ఎల్లింది, ఊరికే ఎల్నేదు కదే దేవీ," అనేవాడు. అలా మా పెరట్లో సీసం పొయ్యి లేచింది.

మంట పెట్టడం నా పని. పలకలు కరిగి మూకుడులో అద్దంలా నిలిచేవి. పైన బూడిదరంగు తెట్టు పాలమీద మీగడలా కట్టేది. ఆయన దాన్ని గరిటెతో తీసి బుట్టలో వేసి, కింది తేటని అచ్చులో పోసేవాడు. మొహానికి తువ్వాలు చుట్టుకొనేవాళ్ళం. అయినా ఆ పొగ నాలుకకి తియ్యగా తగిలేది.

ఆయన అచ్చులో ఒక పక్క సన్నటి గీత ఉండేది. పోసిన ప్రతి గుండుమీదా ఆ గీత పడేది. అందుకే మా తీరంలో వాటిని ఢిల్లీ గుండ్లు అంటారు. కిడ్నీలు పోయాక, ఆసుపత్రికి వెళ్ళే దారిలో ఆటో ఆగితే చాలు, గోడమీద ఆరేసిన వల దగ్గరికి వెళ్ళి వంగి చూసి వచ్చేవాడు. "మనదే," అని నాకొక్కదానికే వినబడేటట్టు చెప్పేవాడు. ఆ రోజు సూదులు పొడిపించుకోవడానికి ఆ ఒక్క మాట ఆయనకి సరిపోయేది.

మా ఊరి పక్కనుంచి ఒక గెడ్డ పారి సముద్రంలో కలుస్తుంది. అది కలిసే మొగ దగ్గర రామూర్తి వాళ్ళ ఊరు. రామూర్తికి మోటారు పడవ ఉంది. అతనిదీ మా ఆయనదీ ఒకే వయసు, ఇద్దరూ బావా అంటే బావా అనుకొనేవారు. రెండేళ్ళ కిందట గుండ్లు తీసుకోవడానికి వచ్చి రామూర్తి అరుగుమీద చతికిలబడ్డాడు.

"బావా, మొగలో పీతలు నేవు. నీలు సూత్తే ఎలాగో ఉన్నాయి. నీ పొయ్యి తెట్టే గెడ్డలోకి దిగతందని మావోలు అంటన్నారు."

"నా తెట్టు గెడ్డలోకి ఎందుకెల్తాది? కాల్లొచ్చి నడిసెల్తాదా? తోట సివర గొయ్యి తవ్వినాను. పొయ్యి ఆరిన ప్రతిసారీ అందులో ఏసి మన్ను కప్పుతంది మా ఇంటిది. కావాలిత్తే అడుగు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను తలూపాను.

అది అబద్ధం. గొయ్యి ఉన్నమాట నిజమే. కానీ దాని చుట్టూ మా అత్త తుఫాను తరవాత కొత్తగా కొబ్బరి మొక్కలు వేసింది. బిందెలతో నీళ్ళు మోసి బతికించుకుంది. నేను మొదట్లో తెట్టు గోతిలోనే వేశాను. రెండు మొక్కలు మాడిపోయాయి. అత్త గోతికి అడ్డంగా నిలబడింది. "నా మొక్కల మొదల్లో ఇసం పోత్తావేటే? ఆటికి కాపొచ్చీసరికి నానుంటానో పోతానో గానీ, మీకైనా గావాల కదేటి? గెడ్డలో పారబొయ్యి. పోటు నీలొచ్చి పట్టుకుపోతాది. ఆడితో మాత్రం అనకు, నామీద కేకలేత్తాడు," అంది. అప్పట్నుంచి స్నానానికి వెళ్ళేటప్పుడు చీర కొంగు కప్పుకొని బుట్ట తీసుకెళ్ళి, జీడిమామిడి చెట్ల వెనక గట్టుమీంచి గెడ్డలో వంచేసేదాన్ని. నాలుగేళ్ళు. పోటు నీళ్ళు తీసుకుపోయేవి. అత్త చెప్పింది నిజమే అనుకున్నాను.

నేను తలూపిన నెలకి నీలిమ వచ్చింది. విశాఖపట్నంలో చదువుకొన్న అమ్మాయి, సముద్రపు నీళ్ళలో సీసం ఎంత ఉందో, ఎక్కడినుంచి వచ్చిందో కొలిచే పని. తీరం పొడుగునా నీళ్ళు తోడుకుంటూ వస్తోంది. రామూర్తి పడవ మాట్లాడుకుంది. సంగతి తెలియగానే మా ఆయన మొగ దగ్గరికి వెళ్ళి, వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళందరి ముందూ అన్నాడట:

"నానూ పడవెక్కుతాను. నా సేత్తోనే నీలు తోడతాను. ఆ సీసం నాదని తేలిందా, ఆ రోజే పొయ్యి ఆర్పీసి మూకుడు మీకే ఇచ్చీత్తాను. ఓడలదీ, ఊరిమీద పొగదీ అని తేలిందా, ఈ రామూర్తిగాడు నాకు సుట్ట ముట్టించి, తప్పయిపోనాది బావా అనాల."

ఇంటికి వచ్చి ఆ మాట నాకు చెప్పి నవ్వాడు. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. తల ఎత్తలేదు.

మొదటిసారి సముద్రంమీదికి వెళ్ళినప్పటి సంగతి మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకొని నవ్వుతారు. నీలిమ తెచ్చిన సీసాలు ఆమ్లంలో వారాల తరబడి నానబెట్టి కడిగినవి. ఒక్కో సీసా రెండేసి కవర్లలో మూసి ఉంటుంది. తాడుకి కట్టి లోతుకి దింపాలి. అలకి తాడు పక్కకి లాగేస్తోంది. నీలిమ పడవ ఆ చివర ఏదో రాసుకుంటోంది. మా ఆయన ఇది చూసి, సాయం చేద్దామని, లుంగీ మడతలోంచి ఒక గుండు తీసి తాడు చివర కట్టి దింపాడు. తాడు నిటారుగా దిగింది. ఏడు చోట్ల నీళ్ళు పట్టారు. ఒడ్డుకి వచ్చాక సీసాలు సర్దుతూ నీలిమ తాడు చివర చూసింది.

"ఇదేమిటి ఢిల్లీరావు గారూ?"

"గుండమ్మా. నాను పోసిందే. నేకపోతే దిగదు కదేటి."

"దేంతో చేసింది?"

"సీసంతో."

ఆ అమ్మాయి ఇసకలో కూలబడిపోయిందట. నవ్వుతోందో ఏడుస్తోందో వీళ్ళకి తెలియలేదట. సముద్రంలో ఉండే సీసం ఎంతంటే, చెరువంత నీళ్ళలో ఒక ఇసక రేణువంత. దాన్ని వెతకడానికి దించిన తాడుకి గుప్పెడు సీసం కట్టాడు. ఏడు సీసాల నీళ్ళూ పారబోశారు. రామూర్తి ఊరుకుంటాడా?

"దొంగని పట్టుకుందామని దొంగనే తోడు తీసుకెల్లినారు కదమ్మా! మా బావ ఏ తాడు దొరికితే ఆ తాడుకి గుండు కట్టీత్తాడు."

మా ఆయన ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. తెల్లారి నీలిమ దగ్గరికి వెళ్ళి పని మొదటినుంచి నేర్పమన్నాడు. ఆ అమ్మాయి నేర్పింది. ఇంజను ఆపాలి. పడవ ముక్కు గాలికి ఎదురుగా ఉండాలి. చేతులకి తొడుగులు వేసుకోవాలి. పైకవరు ముట్టుకున్న మనిషి లోపలి కవరు ముట్టుకోకూడదు, లోపలి కవరు తీసే మనిషి సీసా తప్ప పడవలో దేన్నీ తాకకూడదు.

"మడి కట్టుకోడమే కదమ్మా. మీది మడి సెయ్యి, నాది మైల సెయ్యి. అర్తమైపోనాది," అన్నాడు.

అప్పట్నుంచి సీసం పని చేసిన బట్టలతో పడవ ఎక్కలేదు. గోళ్ళు మొదలంటా కత్తిరించుకొని, సబ్బుతో మోచేతులదాకా రుద్దుకొని వెళ్ళేవాడు. డయాలసిస్ లేని రోజు చూసుకొని బయల్దేరేవారు. నేను కొలిచి ఇచ్చిన సీసా నడుముకి కట్టుకొనేవాడు. ఎండలో గంటల తరబడి, కనుచూపుమేరా నీళ్ళమధ్య, అయిదు గ్లాసులతో. తిరిగి వచ్చేసరికి సీసాలో ఇంకా ఒక గ్లాసు మిగిలి ఉండేది. అదేమని అడిగితే, "పనిలో దాహం తెలీనేదే," అనేవాడు.

ఒకరోజు నీలిమ మా అరుగుమీద జీడిపప్పు తింటూ వివరంగా చెప్పింది. సీసం అంతా ఒకటి కాదట. అందులో నాలుగు రకాలున్నాయి, వాటి బరువుల్లో వెంట్రుకవాసి తేడా. ఏ దేశం గనిలోంచి తవ్వారో దాన్నిబట్టి ఆ నాలుగింటి పాళ్ళూ మారుతాయి.

"మీరు నోరు విప్పగానే, ఈవిడ కవిటి వైపు మనిషి, ఈయన ఇచ్ఛాపురం వైపు అని తెలిసిపోదూ? సీసానికీ అలాగే యాస ఉంటుంది."

"కరిగించీసి అచ్చులో పోసీత్తేనో?" అన్నాడు ఆయన.

"ఎన్నిసార్లు కరిగించినా మారదు. ఎండినా తడిసినా, నీళ్ళలో కలిసినా మారదు."

నేను గుమ్మం లోపల నిలబడి విన్నాను. ఆయన లేచి వెళ్ళి, గీత ఉన్న గుండు ఒకటి ఏరి తెచ్చి ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు. "ఇదీ కొలవండమ్మా. పక్కన పెట్టి సూడండి. అప్పుడు తేడా ఊరందరికీ తెలుత్తాది." ఆ అమ్మాయి దాన్ని కవరులో వేసి, ఆ కవరుని ఇంకో కవరులో వేసింది.

మొగ దగ్గర నీళ్ళు తోడిన మూడు రోజులూ నేను గెడ్డకి బుట్ట మొయ్యలేదు. పెద్దవాళ్ళు వస్తున్నారంటే ఇల్లు ఊడ్చుకున్నట్టు. ఆ తెలివి నాకు ఎవరు నేర్పారో తెలియదు. నాలుగో రోజున రెండు బుట్టలు కలిపి మోశాను. ఆయనకి చెప్పేద్దామని చాలాసార్లు అనుకున్నాను. డయాలసిస్ నుంచి వచ్చి పాలిపోయి పడుకొన్నవాడితో ఏం చెప్పను? పడవ దిగి వచ్చి, "మొగలో నీలు ఎంత తేటగా ఉన్నాయనుకున్నావే," అని సంబరపడేవాడితో ఏం చెప్పను? బిందెలోంచి నీళ్ళు కొలిచినట్టే మాటలు కూడా కొలిచి ఇచ్చాను ఆయనకి.

శ్రావణంలో ఒంట్లో నీరు చేరి ఊపిరి అందక పోయాడు. ముందురోజు కూడా, "ఆయమ్మ కాయితం పంపితే గట్టిగా సదివించు. రామూర్తిగాడు ఇనాల," అన్నాడు. సరే అన్నాను.

నీలిమ మాఘమాసంలో వచ్చింది. ఆయన సంగతి దారిలోనే విందట. గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చుంది. తరవాత సంచీలోంచి కాగితం తీసింది. నేను చదివింది అయిదో తరగతి. కాగితంమీద అక్షరాలకంటే చుక్కలే ఎక్కువ ఉన్నాయి. ఒక పక్క నీలం చుక్కల గుంపు.

"ఇవి దూరంగా లోతులో తోడిన నీళ్ళు అక్కా. వీటిలో సీసం గాలికి కొట్టుకొచ్చింది. బొగ్గు పొగ, పాత రోజుల్లో పెట్రోల్లో కలిపిన సీసం. ఎక్కడెక్కడిదో."

వాటికి దూరంగా ఇంకో పక్క ఎర్ర చుక్కలు నాలుగు, ఒకదాన్నొకటి ఆనుకొని ఉన్నాయి. వాటి మధ్య ఒక నల్ల చుక్క.

"ఇవి మొగ దగ్గరివి. దూరపు నీళ్ళకంటే వీటిలో సీసం చాలా ఎక్కువ. ఈ నల్ల చుక్క..." అని ఆగిపోయింది.

"ఆయనిచ్చిన గుండు," అన్నాను.

"మీ ఒక్కరిదే అని ఈ కొలత చెప్పదు. పాత బ్యాటరీల సీసమని మాత్రం చెప్తుంది."

"ఈ గెడ్డమీద బ్యాటరీ సీసం కరిగించీది మేమొక్కలమే కదమ్మా."

నీలిమ కాగితం మడిచింది. నేను అడగాలనుకొన్నది అడిగేశాను. "ఆ పొగే ఆయన్ని తీసుకుపోనాదేటి?"

"ఆ మాట నేను చెప్పలేను అక్కా. ఇది నీళ్ళ కొలత, ఆయన ఒంటి కొలత కాదు. ఇక్కడ కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇంకా వెతుకుతూనే ఉన్నారు." నా చేతులు పట్టుకొని చూసింది. గోళ్ళ సందుల్లో నలుపు. "మీరూ అత్తగారూ రక్తం చూపించుకోండి. పొయ్యి మానెయ్యండి. ఆ తెట్టు మాత్రం తడవనివ్వకండి. రెండు కవర్లలో కట్టి మెట్టనేలమీద ఉంచండి."

ఔనని చెప్పినా బాగుండేది, కాదని చెప్పినా బాగుండేది. ఆ అమ్మాయి ఏదీ చెప్పలేదు. ఆయన ప్రాణం సంగతి అలాగే మిగిలింది. గెడ్డ సంగతి మాత్రం తేలింది.

మా ఆయన అన్న ధర్మారావు బావగారు కాగితం సంగతి విని వచ్చారు. మా ఆయన పోయాక పలాస నుంచి పలకలు తెచ్చేదీ, మూకుడు దగ్గర నిలబడేదీ బావగారే.

"ఆ కాయితం పొయ్యిలో పడీ. ఎవులడిగినా తెలీదను. వేట నిలిపీసే రోజులొత్తన్నాయి. ఈ రెండు నెల్లే వలలు కట్టుకునీది. గుండ్లు పొయ్యకపోతే నువ్వూ మా అమ్మా ఏటి తింటారు? కొత్త మొక్కలు కాపుకొచ్చీసరికి ఇంకా మూడేల్లు. సంతబొమ్మాలి ఎల్లి మీ అన్న పంచన పడుంటావా?"

తోట అమ్ముదామంటే పెరట్లో మన్ను చూసి ఎవరూ కొనరు. పుట్టింటికి వెళ్దామంటే అత్తని వదిలి వెళ్ళలేను. అత్తతో ఉండాలంటే ఇద్దరికీ తెలిసిన ఆ సంగతి మధ్యలో పెట్టుకొని, ఒకరి మొహం ఒకరు చూడకుండా అన్నం తినాలి. ఆయన పదిమందిలో ఇచ్చిన మాట ఉంది. దాన్ని నిలబెడితే, ఆయన కట్టుకొన్నది ఆయన్ని మోసం చేసిందని కూడా ఆ పదిమందికీ చెప్పాలి. కాగితం మాత్రం పొయ్యిలో వెయ్యలేదు. బియ్యం డబ్బా అడుగున పెట్టాను.

మొన్న వైశాఖంలో బావగారు పలకలు దింపారు. నేను మంట పెట్టాను. అలవాటు పడ్డ చేతులు, వద్దనుకుంటూనే పెట్టేశాయి. ఆ పూట పోసిన గుండ్లు అరుగుమీద చల్లారుతున్నాయి. తెట్టు బుట్ట గోడ పక్కన ఉంది. మర్నాడు రామూర్తి వచ్చాడు. గుండ్లకోసమే వచ్చాడు. ఒకటి తీసి గీతమీద వేలుతో రాస్తూ కూర్చున్నాడు.

"ఆయమ్మ వచ్చి ఎల్లిందట కదమ్మా. మా బావ మాట ఏటయింది?"

నేను నోరు విప్పేలోగా లోపలినుంచి అత్త వచ్చింది. "ఓడలదట నాయినా. దూరంనుంచి కొట్టుకొచ్చిందట. మా ఆడు సెప్పిందే నిజం. అవునా కాదేటే?"

ఇద్దరూ నా వైపు తిరిగారు. అదే అరుగు. రామూర్తి జేబులోంచి చుట్ట తీసి వేళ్ళమధ్య పట్టుకొన్నాడు. ముట్టించడానికి మనిషి లేడు, అయినా తెచ్చుకొన్నాడు. ఆయన ఫొటో దగ్గర పెడదామనుకొన్నాడేమో. నేను ఒక్కసారి తల ఆడిస్తే చాలు. ఆయన గెలిచినట్టే. పొయ్యి నిలుస్తుంది, అత్త మొక్కలు నిలుస్తాయి.

నా తల కదల్లేదు.

అత్త రెండోసారి అడిగింది. నేను నేలమీద చూస్తూ ఉండిపోయాను. రామూర్తి నన్ను చూశాడు, గోడ పక్కనున్న బుట్టని చూశాడు, గెడ్డవైపు పోయే కాలిబాటని చూశాడు. చుట్ట మళ్ళీ జేబులో పెట్టుకొని లేచాడు. చేతిలో గుండు అరుగుమీద పెట్టేశాడు.

"మా బావకి తెలుసా?" అని అడిగాడు, నెమ్మదిగా.

"తెలీదు," అన్నాను.

వెళ్ళిపోయాడు. గుండ్లు తీసుకెళ్ళలేదు. వాళ్ళ ఊళ్ళో ఏం చెప్పాడో ఇప్పటికీ నాకు తెలియదు. బావగారు మాత్రం ఎవరూ కొనడానికి రావడం లేదని రోజూ కేకలేస్తున్నారు. పలకలు ఇంకా రెండు బస్తాలు ఉన్నాయి.

ఇది జరిగి పన్నెండు రోజులయింది. పొద్దున్నే బిందె దగ్గర నిలబడతాను. గ్లాసు బోర్లిస్తాను. అత్త కొత్త మొక్కలకి నీళ్ళు మోస్తూ నా పక్కనుంచే వెళ్తుంది. వెళ్తూ రోజూ ఒకే మాట అంటుంది: "వాన మబ్బేత్తంది. ఆ బుట్ట బేగి గెడ్డలో పారబోసి రా."

బుట్టమీద ఒక ప్లాస్టిక్ కవరు కప్పి, దానిమీద ఇంకోటి కప్పి, కొబ్బరి తాడుతో కట్టి గోడ పక్కనే ఉంచాను. ఎక్కడికి తీసుకెళ్ళాలో నాకు తెలియదు. గెడ్డకి మాత్రం తీసుకెళ్ళలేదు. ఈరోజూ తీసుకెళ్ళలేదు.